‘క్యాంపు’ – ఒక పదం, రెండు జిల్లాల చరిత్ర: నల్లగొండ, పాలమూరు వాడుకపై పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చి నిత్యవ్యవహారంలో స్థిరపడిన పదాల్లో ‘క్యాంపు’ ఒకటి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పదం అధికారి పర్యటన, సైనిక స్థావరం, ప్రాజెక్టు కూలీల నివాసం, ఉచిత వైద్యం, ప్రజాప్రతినిధుల తరలింపు వంటి భిన్నార్థాలలో వాడుకలో ఉంది. ఈ అర్థాలు ఏ చారిత్రక సందర్భాలకు చెందినవో, వాటిని కలిపి ఉంచుతున్న సూత్రం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పదం అర్థాన్ని నామవాచకం కంటె దాని వెంట వచ్చే క్రియాపదమే ఎక్కువగా నిర్ణయిస్తున్నదని, ఆ క్రియకు కర్త ఎవరన్న ప్రశ్నలోనే ఈ ప్రాంతపు అధికార సంబంధాల చరిత్ర ఇమిడి ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: క్యాంపు, అన్యదేశ్యాలు, అర్థవిపరిణామం, మకాం, వెట్టి, తెలంగాణ సాయుధ పోరాటం, పాలమూరు వలస, నాగార్జునసాగర్.

1. ఉపోద్ఘాతం

“సారు క్యాంపుల ఉన్నడు.” అర్జీ పట్టుకొని జిల్లా కార్యాలయానికి వచ్చిన రైతుకు బంట్రోతు చెప్పే మాట ఇది. “కొడుకు క్యాంపుల ఉన్నడు.” ఆనకట్ట పనికి పోయిన మనిషిని గురించి ఇంటి దగ్గర ఉన్న తల్లి చెప్పే మాట ఇది. రెండు వాక్యాల నిర్మాణం ఒక్కటే. కర్త మారినాడు గాని అధికరణమూ క్రియా మారలేదు. అయినా ఈ రెండు వాక్యాలూ రెండు వేర్వేరు జీవితాలను సూచిస్తున్నాయి. మొదటి వాక్యంలోని వ్యక్తి ప్రభుత్వ వాహనంలో వెళ్ళి, ప్రయాణ భత్యం పొంది, పని ముగియగానే తిరిగి వస్తాడు. రెండవ వాక్యంలోని వ్యక్తి ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా తిరిగి రాలేడు.

తెలుగు భాషాశాస్త్ర గ్రంథాలు అన్యదేశ్య పదాల అర్థవిపరిణామాన్ని అర్థవ్యాకోచం, అర్థసంకోచం, అర్థసౌమ్యత, అర్థగ్రామ్యత అనే విభాగాల కింద వివరిస్తాయి. ‘క్యాంపు’ పదాన్ని అర్థవ్యాకోచానికి ఉదాహరణగా చూపి వదిలివేయవచ్చు. ‘శిబిరం, విడిది’ అని రెండు పర్యాయపదాలు ఇచ్చి నిఘంటువు కూడా తన బాధ్యత తీర్చుకోవచ్చు. కాని పైన చూపిన రెండు వాక్యాల మధ్య ఉన్న దూరాన్ని ఈ పద్ధతులు కొలవలేవు. పదం ఎన్ని అర్థాలకు వ్యాపించింది అన్న లెక్కతో పాటు, ఎవరి అనుభవంలో ఏ అర్థం మిగిలింది అన్న విచారణ కూడా అవసరం. అందువల్ల ఈ వ్యాసంలో పదచరిత్రను ప్రాంతచరిత్రతో కలిపి పరిశీలించడం జరిగింది.

ఈ వ్యాసంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్న పేర్లు 2016 అక్టోబరు నాటి పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉమ్మడి జిల్లాలను సూచిస్తాయి. 1940ల నాటి ప్రస్తావనలలో జనగామ తాలూకా కూడా నల్లగొండ జిల్లాలో అంతర్భాగమే. వ్యావహారిక పేరు ‘పాలమూరు’ను మహబూబ్‌నగర్‌కు పర్యాయంగా వాడడమైనది.

2. పదం రాకముందు: దండు, పాళెం, మకాం, తండా

‘క్యాంపు’ పదానికి మూలం లాటిన్ భాషలోని ‘కాంపుస్’. దానికి బయలు, మైదానం అని అర్థం. రోము నగరంలో సైనికుల కసరత్తులకూ పౌరుల సభలకూ వాడిన మైదానాన్ని ‘కాంపుస్ మార్టియస్’ అని పిలిచేవారు. ఇటాలియన్, ఫ్రెంచి భాషల ద్వారా ఈ మాట ‘సైన్యం గుడారాలు వేసుకొన్న చోటు’ అన్న అర్థంతో 16వ శతాబ్దిలో ఇంగ్లీషులో స్థిరపడింది. విశ్వవిద్యాలయ ప్రాంగణానికి మనం వాడే ‘క్యాంపస్’ కూడా ఈ పదానికి తోబుట్టువే.

ఈ అర్థానికి తెలుగులో మాటల కొరత ఏనాడూ లేదు. సంస్కృత సమాలైన స్కంధావారం, కటకం, శిబిరం ఉన్నాయి. దండు, విడిది ఉన్నాయి. ‘పాళెం’ అనే మాటకు కూడా సైనిక విడిది అనే అర్థం ఉంది. కాలక్రమంలో అది కోస్తా, రాయలసీమ ప్రాంతాల ఊరిపేర్ల చివర స్థిరపడింది. దండు కదలిపోయినా దాని పేరు ఊరికి మిగిలింది. చౌటుప్పల్ సమీపంలోని దండుమల్కాపురం పేరులోనూ ఆ ‘దండు’ వినిపిస్తుంది.

మధ్యయుగాల పరిపాలన ద్వారా లష్కరు, డేరా, మకాం అనే మాటలు తెలుగులో చేరినాయి. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం తర్వాత హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన విడిసిన ఆంగ్లేయ సైన్యం చుట్టూ సికిందరాబాదు పెరిగింది. జనవ్యవహారంలో ఆ నగరం నేటికీ ‘లష్కరు’. హైదరాబాదు రాజ్యంలో 1884 నుంచి పారసీకి బదులుగా పరిపాలనా భాష అయిన ఉర్దూ పేరుకు కూడా మూలార్థం విడిదియే. తురుష్క భాషలోని ‘ఒర్దు’ అంటే సైనిక శిబిరం. ఆ విధంగా ఒక శిబిరం పేరుగల భాషలో ఈ ప్రాంతపు దస్తావేజులు ఆరు దశాబ్దాలకు పైగా నడిచినాయి.

ఇక్కడ ‘తండా’ అన్న మాటను ప్రత్యేకంగా గమనించాలి. నేడు తండా అంటే లంబాడీల నివాస పల్లె. కాని మొదట తండా అంటే కదిలే బిడారు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కనులో సైన్యాల వెంట నడిచిన బంజారాల గుంపు అది. రైళ్ళూ రోడ్లూ వచ్చి ఆ రవాణా వృత్తి క్షీణించిన తర్వాత బిడారు నిలిచిపోయింది, పేరు ఊరిదైంది. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల్లో విరివిగా కనిపించే తండాలకు ఈ పూర్వచరిత్ర ఉంది. సైనిక విడుదులకు తిండిగింజలు చేరవేసిన వారి సంతతిని 20వ శతాబ్ది నడుమ మరొక సైనిక విడిది ఏ విధంగా తాకిందో నాలుగవ విభాగంలో చూద్దాం.

ఇన్ని మాటలుండగా ఇంగ్లీషు పదానికి చోటు ఎలా దొరికింది? విడిది అంటే వ్యవహారంలో ముందుగా పెండ్లివారు గుర్తుకు వస్తారు. దండు అంటే సైన్యం మాత్రమే. మకాం అంటే ఎవరైనా ఆగిన చోటు. ఈ మాటలు తమతమ పరిధులలో ఉండిపోగా, ‘క్యాంపు’ వాటన్నిటి పనినీ తానొక్కటే చేయగలిగింది.

3. దౌరా, మకాం, వెట్టి: అధికారి క్యాంపు

నిజాం పాలనలో అవ్వల్ తాలూక్‌దారు మొదలుకొని తహసీల్దారు, గిర్దావరు, పోలీసు అమీను వరకు అధికారులు గ్రామాల మీదికి ‘దౌరా’ వచ్చేవారు. అధికారి డేరా వేసిన చోటు అతని ‘మకాం’. పాలకుని దృష్టిలో అది పరిపాలన గ్రామానికి రావడం. గ్రామస్థుల దృష్టిలో అది వెట్టి రోజులు మొదలుకావడం. మకాం ఉన్నన్నాళ్ళూ చాకలివారు బట్టలుతికి పరిచర్యలు చేయాలి. కుమ్మరివారు కుండలు ఇచ్చి నీళ్ళు మోయాలి. గొల్లవారు గొర్రెలు, గౌండ్లవారు కల్లు సమర్పించాలి. బేగారులు సామాను నెత్తిన పెట్టుకొని మరుసటి మకాం దాకా నడవాలి. వీటిలో దేనికీ వెల లేదు, కూలి లేదు.

ఈ దురాచారాన్ని 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం తన ప్రచారంలో ప్రధానాంశం చేసుకొంది. మాడపాటి హనుమంతరావు ప్రభృతులు వెట్టిచాకిరి చట్టవిరుద్ధమని ప్రజలకు తెలియజెప్పే కరపత్రాలు వెలువరించినారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. 1931లో రెండవ మహాసభ జరిగింది నల్లగొండ జిల్లా దేవరకొండలో. అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు, ఆయనా పాలమూరు వారే. అధికారుల మకాం, దొరల గడి అనే రెండు స్థానాలను మోసిన ఈ జిల్లాల నుంచే ఆ బరువును ప్రశ్నించిన నాయకత్వమూ రావడం గమనించదగింది.

1948 తర్వాత హైదరాబాదు పరిపాలనలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. దౌరా ‘టూరు’ అయింది; మకాం ‘క్యాంపు’ అయింది. పర్యటనలో ఉన్న అధికారి రాసే ఉత్తరంపై చిరునామాకు బదులు ‘క్యాంపు: సూర్యాపేట’ అని రాసే పద్ధతి ఏర్పడింది. క్రమంగా అధికారి నివాసంలోని గదులు ‘క్యాంపు కార్యాలయం’ అయినాయి. మైదానమని పుట్టిన మాట చివరకు అధికారి ఇంటికి కూడా పేరైంది. వెట్టి చట్టరీత్యా పోయింది. అయినా ‘సారు క్యాంపుల ఉన్నడు’ అన్న వాక్యం విని వెనుదిరిగిన అర్జీదారు కోల్పోయిన రోజుకూలి ఎవరి ఖాతాలోనూ పడదు. క్యాంపు ఖర్చులో ఒక భాగం నేటికీ ప్రజలే భరిస్తున్నారని దీనివల్ల స్పష్టమవుతుంది.

4. 1947–51: సరిహద్దు క్యాంపు, మిలిటరీ క్యాంపు

హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు 1947 ఆగస్టు 7న ‘జాయిన్ ఇండియా’ ఉద్యమాన్ని ప్రారంభించింది. నిర్బంధం తీవ్రమైన తర్వాత దాని కార్యకర్తలు సరిహద్దు దాటి ఇండియన్ యూనియన్ భూభాగంలో క్యాంపులు ఏర్పాటు చేసుకొన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చినారు. నల్లగొండ జిల్లాకు ఈ సందర్భంలో ఒక ప్రత్యేకత ఉంది. మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా నైజాం భూభాగం మధ్యలో ద్వీపంలా ఉండేది. అందువల్ల నల్లగొండ రైతుకు ‘పరదేశం’ కాలినడక దూరంలోనే ఉంది. ప్రాణభయంతో పారిపోయిన వారు తలదాచుకొన్నదీ, తిరుగుబాటుదారులు కూడుకొన్నదీ అటువంటి సరిహద్దు గ్రామాలలోనే. మునగాల 1959లో నల్లగొండ జిల్లాలో చేరింది. ఈ సందర్భంలో సరిహద్దు క్యాంపు అంటే అండ, ఆశ్రయం. మనిషి తన నిర్ణయంతో చేరి తన నిర్ణయంతో తిరిగి వెళ్ళిన చోటు.

అదే కాలంలో రజాకార్ల క్యాంపులు గ్రామాల మీద పడినాయి. 1948 సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైంది. యూనియన్ సైన్యపు ఒక విభాగం విజయవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేటల మీదుగా ముందుకు సాగింది. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయినాడు. రజాకార్ల క్యాంపులు ఎత్తివేయబడినాయి. కాని నల్లగొండ గ్రామాల్లో క్యాంపు అన్న మాట మాయం కాలేదు. సాయుధ దళాలను అణచడానికి యూనియన్ సైన్యం, పోలీసులు క్యాంపులు వేసినారు.

పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్రలో ఈ క్యాంపుల వృత్తాంతం విస్తారంగా ఉంది. గ్రామస్థులను క్యాంపులకు తీసుకువెళ్ళి కొట్టడం, దళాల జాడ చెప్పమని హింసించడం, అడవి ప్రాంతాల్లో కోయ గూడేలను, లంబాడీ తండాలను ఖాళీ చేయించి జనాన్ని సైనికుల కాపలాలోని క్యాంపులకు చేర్చడం ఆ గ్రంథంలో నమోదైనాయి. ఆయన ఈ విధానాన్ని మలయాలో బ్రిటిషువారు అనుసరించిన ‘బ్రిగ్స్ పథకం’తో పోల్చినారు. గ్రంథకర్త ఆ పోరాటానికి నాయకుడు గనుక ఆయన దృక్పథాన్ని గుర్తుంచుకొని చదవాలి. అయితే 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లోని మహిళల మౌఖిక కథనాలు కూడా ఆ కాలపు నిర్బంధాన్ని భుక్తభోగుల మాటల్లో చెబుతున్నాయి. రెండు భిన్న మార్గాల్లో వచ్చిన సాక్ష్యాలు ఒకదానికొకటి బలం చేకూర్చుతున్నాయి.

సైన్యాలకు ధాన్యం మోసిన బిడారు మొదట తండాగా నిలిచింది. ఇప్పుడు ఆ తండాలో వారే సైన్యపు క్యాంపు ముందు నిలబడవలసి వచ్చింది. ఇక్కడ ‘క్యాంపు’ పక్కన చేరే క్రియలను గమనించాలి. సైన్యం విషయంలో ‘క్యాంపు వేసిండ్రు’ అంటారు. గ్రామస్థుని విషయంలో ‘క్యాంపుకు పట్టుకపోయిండ్రు’ అంటారు. ఒకటే స్థలం, ఒకరు దాన్ని వేసేవారు, మరొకరు దానిలోకి ఈడ్వబడేవారు.

ఈ సందర్భంలోనే మరొక విడిది చరిత్రకెక్కింది. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగిసిన తర్వాత కాలినడకన బయలుదేరిన వినోబా భావే 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఆగినారు. దళితులు భూమి అడిగినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చినారు, భూదానోద్యమం పుట్టింది. సాయుధ పోరాట విరమణ ఆ ఏడాది అక్టోబరు 21న జరిగింది. అంటే పోరాటమూ నిర్బంధమూ ముగియకముందే, అదే జిల్లాలో, ఆయుధం లేని బాటసారి మజిలీ ఒకటి వెలిసింది. ఆ యాత్ర ఫలితాలపై భిన్నాభిప్రాయాలున్నాయి. భాష దృష్ట్యా గమనించవలసింది ఒక్కటి: ఆ మజిలీని మోయడానికి ఊరివారి నెత్తిన బలవంతపు బరువేదీ పడలేదు.

5. ఆనకట్ట క్యాంపు

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నందికొండ వద్ద నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలినారు. 124 మీటర్ల ఎత్తున్న ఈ రాతికట్టడంలో యంత్రాల పాత్ర కంటె మనుషుల చేతుల పాత్ర ఎక్కువ. రాయి కొట్టినవారు, మోసినవారు, పేర్చినవారు కుటుంబాలతో సహా ఆ గట్ల మీదనే గుడిసెలు వేసుకొని ఏళ్ళ తరబడి బతికినారు. ఇంజనీర్ల, ఉద్యోగుల నివాసాలు ‘హిల్ కాలనీ’, ‘పైలాన్ కాలనీ’ అయినాయి. కూలీల నివాసాలు ‘క్యాంపులు’గానే మిగిలినాయి. కాలనీకి మ్యాపులో చోటు ఉంటుంది. పని పూర్తికాగానే క్యాంపు చెరిగిపోతుంది. నేడు ఆ కాలనీలతో నందికొండ పురపాలక సంఘం ఏర్పడింది. క్యాంపుల ఆనవాళ్ళు మాత్రం ముసలివారి జ్ఞాపకాల్లో వెతకవలసిందే.

ప్రాజెక్టు పనులకు దేశమంతటా తిరిగిన శ్రామికులుగా పాలమూరు కూలీలకు పేరుంది. వలస ఈ జిల్లాకు కొత్త కాదు. బొంబాయిలోని కామాఠీపురా పేరు నిజాం రాజ్యం నుంచి వెళ్ళిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. ఆ నగరంలో వారు నివసించిన చోటు ‘పురా’ అయింది. ఆనకట్టల దగ్గర నివసించిన చోటుకు ఆ గౌరవం కూడా దక్కలేదు. కాంట్రాక్టరు గుంపు మేస్త్రీకి అడ్వాన్సు ఇస్తాడు. మేస్త్రీ ఊళ్ళో అప్పుల్లో ఉన్న కుటుంబాలకు ఆ డబ్బు పంచి గుంపును కూడగడతాడు. పనిచోట తిండికి ‘ఖురాకీ’ కింద కొంత ఇస్తారు. మిగిలిన లెక్క పని ముగిసిన నాడు చూస్తారు. లెక్క చూసే నాటికి అడ్వాన్సు, ఖురాకీ పోగా చేతికి వచ్చేది ఎంతో కూలీకి ముందుగా తెలియదు. అందువల్ల క్యాంపు విడిచి వెళ్ళే తేదీ అతని చేతిలో ఉండదు.

ఈ స్థితిని చట్టం గుర్తించకపోలేదు. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినాయి. రెండవ చట్టం ప్రకారం కాంట్రాక్టరు స్థానభ్రంశ భత్యం, ప్రయాణ భత్యం చెల్లించవలసి ఉండేది. తగిన నివాస వసతి కల్పించవలసి ఉండేది. అధికారి క్యాంపుకు ఏనాటి నుంచో ఉన్న ప్రయాణ భత్యమూ, వసతీ కూలీ క్యాంపుకు కూడా వర్తించాలని శాసనం అంగీకరించిందన్న మాట. మొదటి విభాగంలో చూపిన రెండు వాక్యాలను సమానం చేయడానికి జరిగిన ప్రయత్నంగా ఈ చట్టాన్ని చదవవచ్చు. అమలు ఆ స్థాయిలో లేదని కూలీల జీవితమే చెబుతున్నది.

6. క్యాంపు ఊరైన చోటు

ఆనకట్ట కట్టినవారి క్యాంపు చెరిగిపోగా, ఆనకట్ట నీళ్ళ కోసం వచ్చినవారి క్యాంపు ఊరుగా స్థిరపడిన సందర్భమూ ఉంది. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీరు పారడం మొదలైన తర్వాత కోస్తా ఆంధ్ర రైతులు రాయచూరు, బళ్ళారి జిల్లాలకు వెళ్ళి ఆయకట్టు కింద భూములు కొన్నారు. పొలాల మధ్య వారు వేసుకొన్న తాత్కాలిక నివాసాలకు ‘క్యాంపు’ అని పేరు. నేటికీ గంగావతి, సింధనూరు ప్రాంతాల్లో అనేక గ్రామాల పేర్లు ‘క్యాంపు’ అనే మాటతోనే ముగుస్తాయి. దండు విడిసిన పాళెం ఊరైనట్లే రైతు విడిసిన క్యాంపు కూడా ఊరైంది. మన గద్వాల ప్రాంతానికి పొరుగునే ఉన్న ఈ గ్రామాలు ఇంగ్లీషు పదమొకటి తెలుగువారి ద్వారా కన్నడసీమలో గ్రామనామ ప్రత్యయంగా మారిన అరుదైన ఉదాహరణ.

రెండు క్యాంపుల గతిభేదానికి కారణం స్పష్టం. తుంగభద్ర ఆయకట్టులో క్యాంపు వేసినవారు భూమికి యజమానులు. ఆనకట్ట గట్టు మీది క్యాంపులో ఉన్నవారికి భూమిపై ఏ హక్కూ లేదు. విడిది ఊరుగా మారడానికి కాలం మాత్రమే చాలదు, పట్టా కూడా ఉండాలి.

7. వైద్య శిబిరం, రాజకీయ క్యాంపు, దీక్షా శిబిరం

ఈ పదం మంచి అర్థంలో వినిపించేది వైద్య రంగంలో. కంటి పరీక్షల క్యాంపు, రక్తదాన క్యాంపు ప్రజలకు మేలు చేసేవే. ఫ్లోరోసిస్ పీడిత నల్లగొండకు ఈ అర్థం మరింత పరిచితం. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నాలతో తొలగించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. అది ‘నల్లగొండ టెక్నిక్’గా ప్రపంచానికి తెలిసింది. అయితే పరీక్షించే క్యాంపు వచ్చి పోతుంది. రోగం రాకుండా ఉండాలంటే మంచినీళ్ళు వచ్చి నిలవాలి.

వైద్య క్యాంపుకు మరొక ముఖమూ ఉంది. ‘కు.ని. క్యాంపు’ అన్న సంక్షిప్త రూపం 1970ల నుంచి పల్లెలకు తెలుసు. 2022 ఆగస్టు 25న ఈ రెండు జిల్లాలకు చేరువలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినాయి. తర్వాత వారిలో నలుగురు మరణించినారు. క్యాంపు అనగానే సంఖ్య ముందుకు వస్తుంది, మనిషి వెనుకకు పోతుంది.

రాజకీయ పరిభాషలో ‘క్యాంపు’కు 1984 ఒక మైలురాయి. ఆగస్టు 16న పదవీచ్యుతుడైన ఎన్.టి. రామారావు తన పక్షపు శాసనసభ్యులను కర్ణాటకకు తరలించి, సెప్టెంబరు 16న తిరిగి ముఖ్యమంత్రి అయినారు. ఆయన 1985లో నల్లగొండ నుంచి కూడా గెలిచినారు. 1989లో పాలమూరు జిల్లా కల్వకుర్తిలో ఓడినారు. ఆనాడు ప్రజాస్వామ్య రక్షణకు సాధనంగా కనిపించిన క్యాంపు తర్వాతి కాలంలో మండల, జిల్లా పరిషత్తుల ఎన్నికల దాకా దిగివచ్చింది. ఇక్కడి వాడుక ‘క్యాంపుకు తీస్కపోయిండ్రు’. సభ్యుడు గెలిచినవాడే గాని వాక్యంలో అతడు కర్మ. 1950 నాటి ‘పట్టుకపోయిండ్రు’కు ఇది మెత్తని రూపాంతరం.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమకాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల కూడళ్ళలో రిలే నిరాహార దీక్షా శిబిరాలు నడిచినాయి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో ఉపాధ్యాయులు, న్యాయవాదులు, చేతివృత్తులవారు వాటిలో కూర్చున్నారు. పత్రికలు దీన్ని ‘దీక్షా శిబిరం’ అన్నాయి. జనం ‘టెంటు’ అన్నారు. ‘క్యాంపు’ అన్న మాట ఇక్కడ కుదురుకోలేదు. తాము స్వయంగా వేసుకొని, తామే కూర్చొని, తామే లేచిన చోటుకు జనం వేరే పేరు ఎంచుకొన్నారు. 1951 తర్వాత ఈ నేలలో క్యాంపు అంటే ఇతరులు వేసేదన్న స్మృతి ఎంత గాఢంగా ఉన్నదో ఈ ఎంపికను బట్టి ఊహించవచ్చు.

8. క్రియాపదం చెప్పే చరిత్ర

పై చర్చలో తేలిన వాడుకలను క్రమంలో పెడితే ఒక నియమం కనిపిస్తుంది. అధికారి క్యాంపు ‘పోతాడు’. సైన్యం క్యాంపు ‘వేస్తుంది’. డాక్టర్లు క్యాంపు ‘పెడతారు’. ఈ మూడింటిలోనూ క్యాంపు మీద అధికారం కర్తది. అనుమానితుని క్యాంపుకు ‘పట్టుకపోతారు’. సభ్యుని క్యాంపుకు ‘తీసుకపోతారు’. ఈ రెండింటిలో క్యాంపులో ఉండే మనిషి కర్మస్థానంలో ఉన్నాడు. కూలీ మాత్రం క్యాంపుల ‘ఉంటాడు’. వ్యాకరణరీత్యా అతడు కర్త; అనుభవరీత్యా రావడమూ పోవడమూ అతని చేతిలో లేవు. ‘ఉన్నడు’ అన్న అకర్మక క్రియ అతని అస్వతంత్రతను కప్పివేస్తున్నది.

కాబట్టి ‘క్యాంపు’ అర్థాలన్నిటినీ కలిపే సూత్రం ‘తాత్కాలిక నివాసం’ అన్నది పైకి కనిపించే అంశం మాత్రమే. ఆ తాత్కాలికతను ముగించే హక్కు ఎవరిది అన్నదే అసలు అర్థభేదకం. అధికారికి, సైన్యానికి, కాంట్రాక్టరుకు ఆ హక్కు ఉంది. తండావాసికి, కూలీకి లేదు. భవిష్యత్తులో తెలంగాణ మాండలిక నిఘంటువులు ఇటువంటి పదాలను ఆరోపించేటప్పుడు క్రియాసాహచర్యంతో సహా ఉదాహరణ వాక్యాలు ఇవ్వడం ఆవశ్యకం.

9. ముగింపు

నల్లగొండ ఫ్లోరైడు పీడిత ప్రాంతాలకు కృష్ణా జలాలు చేర్చడానికి ఉద్దేశించిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగాన్ని నల్లమలలో, పాలమూరు కొండల కింద తవ్వుతున్నారు. దాని ఒక ముఖద్వారం అమ్రాబాదు మండలం దోమలపెంట వద్ద ఉంది. సాయుధ పోరాటపు చివరి దశలో దళాలు తలదాచుకొన్న అడవి ఇదే. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకొన్నారు. వారిలో నల్లగొండ వారు లేరు, పాలమూరు వారు లేరు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్‌ల నుంచి వచ్చినవారు. నల్లగొండ దాహానికి, పాలమూరు కొండలో, దూరదేశపు మనుషులు.

దేశంలోని ఆనకట్టల దగ్గర క్యాంపుల్లో బతికిన జిల్లా ఇప్పుడు ఇతర రాష్ట్రాల కూలీల క్యాంపుకు ఆతిథేయి అయింది. జార్ఖండ్‌లోని ఏదో పల్లెలో ఒక తల్లి తన కొడుకు ఎక్కడున్నాడని అడిగినవారికి తన భాషలో చెప్పిన జవాబు, పాలమూరు తల్లులు రెండు మూడు తరాలుగా చెబుతున్న జవాబే అయి ఉంటుంది. ఈ పదచరిత్ర మనకు తెలిసినది గనుక, దోమలపెంట క్యాంపును చూసే చూపు మనది వేరుగా ఉండాలి. ఆ రేకుల గదుల ముందు నిలబడినప్పుడు, లోపల ఉన్నవారు తమంతట తాము తిరిగి వెళ్ళగలరా అన్నదే మొదట అడగవలసిన ప్రశ్న.